ఎండిన మడిలో పడవ

ఇటు జరగండి పిల్లలూ, ఇంకా దగ్గరికి. దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి, మిగిలిన సగానికి మీరు మీకు తోచింది అతికిస్తారు. నీటిచుక్క లేని మడిలో పడవ నడిచిన ముచ్చట ఇది. అతుకులు పడితే ఎవరూ నమ్మరు.

ముళ్ళచెల్క అని ఒక ఊరు. పెద్దకాలువ కింద ఉన్న ఊళ్ళన్నీ తాగి, తడుపుకొని, బర్లను కడుక్కొని, ఇంకేమన్నా మిగిలితే ఆ ఊరికి వస్తుంది. కాలువ తల ఎక్కడుందో ఆ ఊరివాళ్ళు ఎన్నడూ చూడలేదు. తోక మాత్రం వాళ్ళ దగ్గరే ఉంది. వెనకటికి అక్కడ తూము దగ్గర ఒక నీరటికాడు ఉండేవాడు. భుజాన పార వేసుకొని, ఎవరి వంతు వస్తే వాళ్ళ మడికి నీళ్ళు మళ్ళించేవాడు. అతనితో తగాదాలు లేవా అంటే ఉన్నాయి. తిట్లు, శాపనార్థాలు, పీరీల పండుగనాడు పట్టుకున్న గల్లాలు, అన్నీ ఉన్నాయి. అయితే తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. అదెంత సుఖమో అతను పోయాక గాని తెలియలేదు.

ఆ ఊళ్ళో అండాలు అని ఒక ఆడమనిషి. పెనిమిటి జంగయ్య లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు, సేద్యమంతా ఆమె రెక్కల మీదే. అయితే భూమి తనది కాదు. పట్నంలో ఉండే నాగభూషణం గారి మడిని కౌలుకు చేస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ మడినే చేస్తోంది కాబట్టి ఊళ్ళో అందరూ దాన్ని అండాలు మడి అనే అంటారు. పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే ఆ మాట అనదు.

ఆ యాసంగికి, అంటే ఆ ఎండాకాలపు పంటకు, నాగభూషణం గారు తేల్చి చెప్పేశాడు. "ఈ పంట సక్కగ చేతికి రాకుంటే భూమి ఇడిచెయ్యి అండాలూ. జామాయిల్ పెట్టిస్త. దానికి నీళ్ళ లొల్లి లేదు, కౌలోళ్ళ లొల్లి అసలే లేదు."

అండాలు మడిలో దిగింది. నారు పోసింది, నాటు వేసింది, కలుపు తీసింది. వరి పిలకలు వేసి, చిక్కబడి, చూసిన కళ్ళు చల్లబడేటట్టు లేచింది. ఇక పొట్టకు వచ్చే వేళ ఒక్క తడి సరిగ్గా అందితే భూమి ఆమె కిందే ఉంటుంది. అందకపోతే ఆమె ఆ ఊళ్ళో కూలి మనిషి. సంగతి ఇంతే.

సరిగ్గా ఆ ఏడే సర్కారువారికి వ్యవసాయం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ముళ్ళచెల్కను స్మార్ట్ సేద్య గ్రామం చేశారు. దానికి ప్రత్యేకాధికారిగా మార్తాండరావు గారు వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. ఎండలో నిలబడ్డా చెమట పట్టేది కాదు, పై నుంచి అనుమతి రాలేదేమో. ఆయన ఊరందరినీ బడి ముందర కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"నేటినుండి నీటి పంపిణీలో మానవ జోక్యం సంపూర్ణంగా తొలగించబడుతున్నది. నేల తన అవసరాన్ని స్తంభానికి తెలియజేస్తుంది. స్తంభం మా కార్యాలయానికి తెలియజేస్తుంది. కార్యాలయం తూముకు తెలియజేస్తుంది. తూము దానంతట అదే తెరుచుకుంటుంది, దానంతట అదే మూసుకుంటుంది."

ఇస్తారి లేచి నిలబడ్డాడు. అండాలుకు వరసకు మామ. అతని మడి అండాలు మడికి దిగువన, తోకకు కూడా తోక. నీళ్ళు అక్కడిదాకా పారిన ఏడాదిని జనం పెద్ద తుఫాను వచ్చిన ఏడాదిలాగా గుర్తుపెట్టుకునేవారు.

"మరి మేమెవలికి తెలియజెయ్యాలె సారూ?"

"మీరు ఎవరికీ ఏమీ తెలియజేయనవసరం లేదు. ఈ పథకం విశిష్టతే అది."

"మంచిగున్నది," అన్నాడు ఇస్తారి కూర్చుంటూ. "ఇన్నొద్దులు తెలియజేస్తె ఇనకపోదురు. ఇగ తెలియజేసే బాధ సుత తప్పింది."

తేమ కొలిచే స్తంభం ఊరంతటికీ కలిపి ఒక్కటే. బాట పక్కన ఉంటే వచ్చిన అతిథులకు కనబడుతుందని దాన్ని అండాలు మడిలో పెట్టాలని నిర్ణయమైంది. ప్రారంభోత్సవానికి పై నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. ఆయన బూట్లకు బురద అంటితే ఎలా? అందుకని పచ్చని వరిని పీకి, ట్రాక్టర్లతో ఎర్రమట్టి తోలి, మడి మధ్యలో నడుమెత్తు దిమ్మె కట్టారు. దిమ్మెకు మెట్లు, మెట్ల మీద తివాచీ. పెద్దాయన నిలబడేది దిమ్మె మీద గనుక స్తంభాన్ని కూడా దిమ్మె మీదే పాతారు.

మార్తాండరావు గారి సహాయకుడు సుధీర్ అని ఒకతను ఉన్నాడు. అతను కొంచెం నసిగాడు. "సార్, ఇది మడిలో తేమ చూడాలి కదా. ఇంత ఎత్తున పెడితే మడి నీళ్ళు దీని దాకా ఎక్కవేమో."

"దిమ్మె నేల కాదా సుధీర్?"

"నేలే సార్."

"మరి?"

సుధీర్‌కు ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నేలే అని ఒప్పుకున్నాడు.

స్తంభం చూడముచ్చటగా ఉంది. తెల్లగా, ఏపుగా, నెత్తిన ఎండను తాగే పలక, పొట్ట దగ్గర ఒక పెట్టె, పెట్టెకు రంగురంగుల దీపాలు. పెద్దాయన వచ్చి దానికి పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, బంతిపూల దండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు. తొలితడి అని వెండి చెంబుతో దాని మొదట్లో నీళ్ళు పోశాడు. అంతే, పెట్టెలో పచ్చదీపం వెలిగింది. లోపలినుంచి ఆడగొంతు, తేనెలో ముంచి తీసినట్టు, "ధన్యవాదాలు. నేల తడిసినది. మీ పంట క్షేమం" అన్నది.

అక్కడున్న ఆడవాళ్ళ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పెద్దాయన మైకులో, "ఇక మీకు నీళ్ళిచ్చే తల్లి ఈమే. కంటికి రెప్పలా చూసుకోండి" అని చెప్పి, తివాచీ మీదనే దిగి, తివాచీ మీదనే కారెక్కి వెళ్ళిపోయాడు. తూముకు పెద్ద తాళం పడింది. చేత్తో తిప్పితే కేసు అని బోర్డు పెట్టారు. నీరటికాడి పారను కార్యాలయం వాళ్ళు తీసుకుపోయి, పూర్వకాలపు పరికరం అని రాసి, అద్దాలపెట్టెలో పెట్టుకున్నారు.

ఇప్పుడు చెప్పండి. పసుపు రాసింది సర్కారు, కాయ కొట్టింది సర్కారు, తల్లి అన్నది సర్కారు. పైగా చెంబెడు నీళ్ళు పోస్తే నోరు తెరిచి క్షేమం అని పలికే తల్లి. మన ఊరి గుళ్ళలో ఎంత మొక్కినా ఒక్క దేవతైనా ధన్యవాదాలు చెప్పిందా? తరువాతి శుక్రవారానికి ఆ స్తంభం స్తంభాలమ్మ అయి కూర్చుంది. ఆడవాళ్ళు తలస్నానం చేసి, బోరింగు దగ్గర బిందె నింపుకొని, వేపమండ వేసుకొని వచ్చి, ఆ తల్లి మొదట్లో కుమ్మరించి పోయేవాళ్ళు. అందరికన్నా ముందు పోసేది అండాలే. ఆమె మడిలోనే వెలిసిన తల్లి కదా మరి.

"ధన్యవాదాలు. మీ పంట క్షేమం," అనేది తల్లి.

తూము మూసే ఉండేది.

వరి పొట్టకు వచ్చింది. మడి బీటలు వారింది. మొదట వేలు పట్టేంత, తరువాత చేయి పట్టేంత. ఆకులు పొద్దున్నే సూదుల్లాగా చుట్టుకుపోతున్నాయి. అండాలు గెట్టు మీద నిలబడి నాగభూషణం గారికి ఫోను చేసింది. ఎండిపోయాక నెపం పెట్టినట్టు ఉండకూడదని ముందే చెప్పుకుందామనుకుంది.

"అయ్యా, నీళ్ళస్తలేవు. వరి మాడుతున్నది."

"ఏం మాట్లాడుతున్నవ్ అండాలూ? నా ఫోన్ల రోజు మెసేజ్ వస్తున్నది. నేల తేమ అద్భుతం అని. పచ్చరంగు బొమ్మ సుత వస్తున్నది. ఇంత తేమల పంట ఎండిందంటే తప్పు ఎవలిది? నీళ్ళదా, నీదా?"

"ఒక్కసారొచ్చి సూడరాదయ్యా."

"నేనొచ్చి సూసుడెందుకు, ఈడికెల్లే కనవడుతుంటే. ఎండనియ్యి. జామాయిల్ మొక్కలకు చెప్పి పెడత."

అండాలు ఆ పూటే బస్సెక్కి మండలం వెళ్ళి మార్తాండరావు గారి ముందు నిలబడింది. చేతిలో ఎండిన వరికర్ర. ఆయన దాన్ని బల్ల మీద పెట్టనివ్వలేదు, బల్ల మీద అద్దం ఉంది.

"సారూ, ఒక్క తడి ఇప్పియ్యండ్రి. పొట్ట మీదున్నది. ఇప్పుడు తడవకుంటే తాలే."

ఆయన కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఒక పచ్చని గడి.

"ఇది నీ మడి. ఏ రంగులో ఉంది?"

"పచ్చగున్నది సారూ."

"దానికి అర్థమేమిటి?"

"గీసినాయనకు చెయ్యి మంచిగ తిరిగిందని."

సుధీర్ దగ్గు వచ్చినట్టు బయటికి పోయాడు. మార్తాండరావు గారు ఓపికగా చెప్పాడు. "క్షేత్రస్థాయిలో తేమ సంతృప్తికర స్థాయిని మించి ఉన్నదని అర్థం. ఇంకా నీళ్ళు అడగటం దురాశ కిందికి వస్తుంది."

"మీరొక్కసారి కంటితోని సూడండ్రి సారూ."

"కంటితో చూసే పద్ధతిని పోయిన సంవత్సరమే నిలిపివేశామమ్మా. దానిలో తప్పులు వస్తున్నాయి."

అయినా ఆయన వచ్చాడు. మడి చూడటానికి కాదు, ఫిర్యాదుదారు మానసిక స్థితి పరిశీలించడానికి అని జీపు డ్రైవరుతో చెప్పాడట. గెట్టు దిగి మడిలో నాలుగడుగులు వేశాడో లేదో, కుడికాలు బీటలో మోకాలిదాకా దిగిపోయింది. సుధీర్, అండాలు చెరో రెక్క పట్టి లాగితే కాలు వచ్చింది గాని బూటు రాలేదు. ఒంటి బూటుతో నిలబడి కూడా ఆయన ముఖం మీద ఇస్త్రీ చెదరలేదు.

"చూశావా? తేమ లేకపోతే కాలు దిగబడుతుందా?"

"అది నెర్రె సారూ. ఎండితే నేల నోరు తెరుస్తది."

"ఇది కేవలం దృశ్యపరమైన ఎండుదల. చూడటానికి ఎండినట్టు ఉంటుంది. వాస్తవంలో తడిసి ఉంటుంది. చదువుకోనివారికి ఈ తేడా తెలియడం కష్టం."

"మరి నా వరికెట్ల తెలవాలె సారూ? అది సుత సదువుకోలె."

ఆయన ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం తనకు లేదన్నాడు. జీపు ఎక్కుతూ మాత్రం ఒక మాట అన్నాడు. "నీ మాట గాని, నా మాట గాని ఇక్కడ చెల్లదు. అంతా ఆ స్తంభం దయ. అది ఏమంటే అదే."

అండాలుకు ఆ మాట ఒక్కటే పూర్తిగా అర్థమైంది. అంతా తల్లి దయ. అయితే తల్లికి ఎక్కడో లోటు జరిగింది. శుక్రవారం ఒక్కనాడు బిందెడు పోస్తే చాలుతుందా, ఊరందరి మళ్ళు తడపాల్సిన తల్లి?

ఆ రోజునుంచి ఊరు ఊరంతా కదిలింది. బోరింగు దగ్గరినుంచి దిమ్మె దాకా బిందెల వరస. ముసలివాళ్ళు చెంబులతో, బాలింతలు గిన్నెలతో. ఇళ్ళలో తాగే నీళ్ళు లేకున్నా తల్లి పాదాలు ఎండకూడదు. పోతరాజుకు కూడా రాని వైభోగం వచ్చింది ఆ స్తంభానికి. ఎంత పోస్తే అంత లోపలికి పీల్చుకునేది ఎర్రమట్టి దిమ్మె. పక్కనే కొంచెం కిందుగా వరి నోరు తెరుచుకొని చూస్తూ ఉండేది. ఆ బిందెలే మడిలో పోద్దామని ఒక్కరికీ తోచలేదు. తల్లికి పెట్టకముందే ఎంగిలి చేస్తామా?

పెట్టెలో దీపం పచ్చ నుంచి పసుపు అయింది. "గమనిక. నేలలో నీరు అధికంగా ఉన్నది," అన్నది తల్లి.

"ఏడున్నదే?" అన్నది అండాలు తోటికోడలు పెంటమ్మ, చుట్టూ చూస్తూ. "గొంతు మారింది సూసినవా వదినె? ఇంతకుముందు మీ పంట క్షేమం అంటుండె. ఇయ్యాల అననే లేదు."

"అలిగింది," అన్నది అండాలు. "ఇంకో బిందె తే."

ఇంకో బిందె పోశారు. ఇంకో వరస పోశారు. దీపం ఎర్రబడింది. తల్లి గొంతులో తేనె పోయింది. "ప్రమాద హెచ్చరిక. వరద ముప్పు. వెంటనే ఎత్తైన ప్రదేశాలకు తరలివెళ్ళండి," అని కూత పెట్టడం మొదలుపెట్టింది. ఆ కేకకు ఊళ్ళో కుక్కలు మొరిగాయి. ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టి, ఈసారి పరుగున తెచ్చి పోశారు.

ఆ కూత మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్ళింది. పైన తెర మీద ముళ్ళచెల్క నీలంరంగులో మునిగిపోయి కనిపించింది. మండువేసవి, ఆకాశంలో మబ్బుతునక లేదు, మరి వరద ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదా అంటే, ఒకాయన అడిగాడట. ఆకాశం సంగతి వేరే శాఖవాళ్ళు చూస్తారని చెప్పి ఆయన్ను కూర్చోబెట్టారు.

మరునాడు పొద్దెక్కేసరికి లారీ మీద పడవ వచ్చింది.

పడవతో పాటు నారింజరంగు చొక్కాల సహాయక దళం, తాళ్ళు, గాలి నింపిన ట్యూబులు. వెనకనే జీపులో మార్తాండరావు గారు. పురుగుమందు చల్లడానికి తెప్పించిన డ్రోను ఒకటి నెత్తిమీద తిరుగుతూ పులిహోర పొట్లాలు జారవిడిచింది. ఎండిన మళ్ళలో పడ్డ పొట్లాలు పగిలి దుమ్ములో కలిసినవి కలవగా, మిగిలినవి కాకులు తిన్నాయి. పొట్లాల మీద మందు వాసన ఉందని మనుషులు ముట్టలేదు.

ఊళ్ళో జనాన్ని లారీలు ఎక్కించడం తేలికగానే జరిగింది, అన్నం పెడతారని చెప్పారు. అండాలు మాత్రం మడిలో ఉంది. పాదులో బెండమొక్క ఎండుతున్నట్టు గెట్టువార కూర్చుని వరివంక చూస్తూ ఉంది. దళం నాయకుడు దూరంనుంచి మైకులో అరిచాడు.

"అమ్మా, నీటి మధ్యలో చిక్కుకున్న అమ్మా. భయపడకండి. కదలకండి. మేము వస్తున్నాం."

అండాలు వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

దళంవాళ్ళు గెట్టు దాకా వచ్చి ఆగారు. ముంపు ప్రాంతంలో కాలినడకన ప్రవేశించరాదని వాళ్ళ నియమం. పడవ మీదనే వెళ్ళాలి. పడవ నేల మీద నడవదు. నాయకుడు మార్తాండరావు గారి వంక చూశాడు. ఆయన క్షణం ఆలోచించి, "పడవ ఆమె దగ్గరికి చేరాలి అని మాత్రమే ఉంది. ఎట్లా చేరాలో లేదు" అన్నాడు. దాంతో ఆరుగురు మొనగాళ్ళు పడవను భుజాన ఎత్తుకున్నారు. నాయకుడు పడవలో తెడ్డు పట్టుకొని కూర్చున్నాడు. కింద వాళ్ళ కాళ్ళు బీటల్లో పడి తూలినప్పుడల్లా పడవ నిజంగానే అలల మీద పోతున్నట్టు ఊగింది.

"ఎక్కమ్మా."

"ఎక్కి ఏడికి బిడ్డా?"

"ఒడ్డుకు."

"నేను ఒడ్డు మీదనే ఉన్న గద."

"మీరు నీళ్ళలో ఉన్నారమ్మా. మా దగ్గర సమాచారం ఉంది."

"నీ నోట్ల చక్కెర పొయ్య," అన్నది అండాలు. ఎంతైనా నీళ్ళు అన్న మాట వినడానికి చల్లగా ఉంది. రెక్కపట్టి ఆమెను పడవలోకి లాగి, గాలిచొక్కా తొడిగి, భుజాల మీద ఊరేగిస్తూ బాట మీదికి తెచ్చారు. కింద మోసేవాళ్ళ చెమట వరి మీద చుక్కలు చుక్కలుగా పడింది. పొట్టకు వచ్చాక దానికి అందిన మొదటి తడి అదే.

మండలం బడిలో పునరావాస కేంద్రం. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమన్నారు. అన్నం బాగానే పెట్టారు. ఇస్తారి మూడుపూటలా తిని, గోడకు ఆనుకొని, "ఇన్నేండ్లు కరువుల ఉంటి, ఒక్కడు మెతుకు పెట్టలె. వరదల ఉన్న సుఖమే వేరు" అన్నాడు.

అండాలుకు ముద్ద దిగలేదు. ఆమె మనసు మడిలో ఉంది. ఊళ్ళో పిట్ట లేదు. తల్లికి బిందెడు నీళ్ళు పోసే దిక్కులేదు. అసలే అలిగిన తల్లి. తట్టుకోలేక మార్తాండరావు గారి కాళ్ళకు అడ్డం పడింది.

"సారూ, ఒక్కదాన్ని పంపియ్యండ్రి. ఒక్క బిందె పోసి ఎంటనే మర్లొస్త."

"వరదలో ఉన్న ప్రాంతంలో నీళ్ళు పోయడానికి అనుమతి ఎలా ఇస్తానమ్మా? ఉన్న నీళ్ళు ఎక్కడికి పంపాలో తెలియక పైవాళ్ళు తల పట్టుకున్నారు. స్తంభాన్ని ఎవరు ముట్టుకున్నా ఇకపై నేరం. సమాచారాన్ని తారుమారు చేసినట్టు."

అలా ఊరు ఊరంతా బడిలో ఉండగా, ముళ్ళచెల్కలో మండువేసవి ఎండ తన పని తాను చేసుకుంది. బిందె పడని దిమ్మె ఆరింది, ఎర్రమట్టి పిండి అయింది, దండలు గలగలమన్నాయి. తల్లి ఎవరూ లేనిచోట ఏమేమి పలికిందో వినడానికి కాకి కూడా లేదు. పైన తెర మీద మాత్రం నీలం పోయి పచ్చ, పచ్చ పోయి పసుపు వచ్చాయి. మార్తాండరావు గారు బడి అరుగెక్కి, "సకాలంలో తీసుకున్న పటిష్ఠమైన చర్యల ఫలితంగా వరద ఉపసంహరించుకున్నది" అని ప్రకటించాడు. దళానికి శాలువాలు కప్పారు. పడవను లారీ ఎక్కించి జిల్లాకు పంపేశారు.

ఆ సాయంత్రానికే తెర మీద పసుపు ముదిరి గోధుమరంగు అయింది. అంటే దుర్భిక్షం. వరద తగ్గిన వెంటనే దుర్భిక్షం రావడం అపూర్వమని పైవాళ్ళు సంబరపడి, తెల్లవారగానే వెళ్ళి దుర్భిక్షం ఎంత తీవ్రంగా ఉందో స్తంభం దగ్గరే ఫోటోలు తీసి పంపమన్నారు. మార్తాండరావు గారు, సుధీర్ తొలిపొద్దునే వెళ్ళారు. ఊరివాళ్ళను ట్రాక్టర్ల మీద ఎక్కించేసరికి పొద్దు నెత్తికెక్కింది.

ట్రాక్టర్ మర్రిమూల తిరగగానే పెంటమ్మ కేక వేసింది. "వదినె, గదేంది తెల్లగ?"

నీళ్ళు.

తల్లి దప్పిక దప్పిక అని చెప్పీ చెప్పీ తూమును బార్లా తెరిపించింది. ఆ మూల ఎప్పుడూ చూడనంత నీళ్ళు. కాలువ అంచులదాకా నిండి, ఎగువ గెట్లు దాటి, అండాలు మడిలో మోకాలిలోతు నిలిచాయి. బీటలు గుటకలు వేస్తున్న చప్పుడు బాట మీదికి వినిపిస్తోంది. వరి ఇంకా చావలేదు. మొదళ్ళు పచ్చగా ఉన్నాయి. అండాలు ట్రాక్టర్ ఆగకముందే దూకి, చీర తడుస్తున్నా చూడకుండా మడిలో దిగి, వరి కుదురు ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

తల ఎత్తితే మడి నడుమ దిమ్మె. దిమ్మె మీద మార్తాండరావు గారు, పక్కన సుధీర్. నలువైపులా నీళ్ళు. జీపు గెట్టువార ఇరుసులదాకా కూరుకుపోయి ఉంది.

"ఏమైంది సారూ, దిగరాదుండ్రి," అన్నాడు ఇస్తారి బాట మీదినుంచి. "మోకాలిలోతే."

"దిగటానికి వీల్లేదు."

"ఎందుకు?"

సుధీర్ నీరసంగా జవాబు చెప్పాడు. ఉదయంనుంచి అక్కడే నిలబడి అతనికి ఉద్యోగం మీద ఆశ తగ్గినట్టుంది. "మేం దిమ్మె ఎక్కాక నీళ్ళు వచ్చాయి. ఇక్కడ చుక్క నీరు లేదని గంట గంటకూ రిపోర్టు పంపాం. దిగితే తడుస్తాం. తడిస్తే రిపోర్టు తప్పవుతుంది."

"ఇది దృశ్యపరమైన నీరు," అన్నాడు మార్తాండరావు గారు. ఆ మాటలో ఇదివరకటి బిగువు లేదు.

"పడవ పిలవరాదుండ్రి."

"దుర్భిక్ష ప్రాంతానికి పడవ మంజూరు కాదు."

అప్పుడే స్తంభం నోరు విప్పింది. "నేల పూర్తిగా ఎండిపోయినది. తూము పూర్తిగా తెరిచి ఉన్నది. దయచేసి నేలను తడపండి."

అండాలు స్తంభం వంక చూసింది. దాని మొదట్లో పిండి అయిన ఎర్రమట్టి. చుట్టూ చూసింది. ఎక్కడ చూసినా నీళ్ళు. పెంటమ్మ వంక చూసింది. పెంటమ్మ కూడా అటే చూస్తోంది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే మడి గట్టుకు వచ్చి నిలబడ్డారు.

చివరికి పెంటమ్మే గొణిగింది. "వదినె, మనం పోసుడు ఆపినంకనే గద ఇదిచ్చింది."

"నాకూ గదే కొడుతున్నది," అన్నది అండాలు. "కడుపు నిండినోన్ని అన్నం అడగమంటె అడుగుతడా?"

"అంటే ఇన్నొద్దులు మన మళ్ళను మనమే ఎండవెట్టుకున్నమా?"

"ఊకో. మొగోళ్ళు ఇంటరు."

ఇస్తారి విననే విన్నాడు. మామూలు రోజైతే ఆ ఒక్క మాట పట్టుకొని ఏడాదిపాటు ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు అతని చూపు వేరే చోట ఉంది. అండాలు మడిలో నీళ్ళు నిండుగా ఆగి ఉన్నాయి, దిగువన తన మడి ఇంకా తెల్లగా పగిలి ఉంది. అడగడానికి నోరు రాక మీసం సర్దుకుంటున్నాడు. అండాలు చూసింది. గట్టున పడి ఉన్న పార అందుకొని దిగువ గెట్టుకు మడవ తెగగొట్టింది. నీళ్ళు ఒక్కసారి తలవంచి ఇస్తారి మడిలోకి ఉరికాయి. అతను చెప్పులు చేత పట్టుకొని నీళ్ళ వెంబడి ముసలి కాళ్ళతో పరుగెత్తాడు, పారిపోయిన దూడను తోలుకొస్తున్నట్టు.

పొద్దు వాలుతోంది. దిమ్మె మీద నీడ లేదు. మార్తాండరావు గారి ముఖాన తొలిసారి చెమట పట్టింది. ఆయన స్తంభాన్ని ఆనుకొని, ఇంకెవరికీ వినబడకుండా గొంతు తగ్గించి పిలిచాడు.

"అమ్మా అండాలూ."

"చెప్పుండ్రి సారూ."

"ఈ స్తంభం మొదట్లో ఒక్క బిందె నీళ్ళు పోస్తావా? తూము మూసుకుంటుంది. తెర మీద రంగు మారితే పడవకు రాయవచ్చు."

"అట్ల పోస్తె నేరమన్నరు గద. కేసైతది."

"ఎవరూ చూడటం లేదు."

"కంటితోని సూసేది మీరే బంద్ వెట్టిన్రాయె," అన్నది అండాలు. పక్కనే మునిగి ఉన్న బిందెను తీసి నింపి, నడుమున పెట్టుకొని, దిమ్మె మొదటి మెట్టు మీద తీరిగ్గా కూర్చుంది. దిగువన ఇస్తారి మడి కళ్ళముందే నల్లబడుతూ వస్తోంది. ఇంకా అవతలి మూల తెల్లగానే ఉంది.

"మరి పోయమ్మా," అన్నాడు ఆయన.

"పోస్త సారూ, ఎందుకు పొయ్య. మా మామ మడి ఆ మూలకు తడవనియ్యి. మీరట్ల నిలవడుండ్రి."

ఆ యాసంగి అండాలు మడిలో గింజ నిండుగా పాలుపోసుకుంది. భూమి ఆమె కిందే నిలిచింది. పట్నంలో నాగభూషణం గారి ఫోనులో మాత్రం ఆ మడి కోతల నాటికీ దుర్భిక్షంలోనే ఉందట. స్తంభాలమ్మకు బిందెలు ఇప్పటికీ పోస్తారు, మళ్ళు నిండిన రోజున.

ఈ ముచ్చటను మనసులో పెట్టుకోండి పిల్లలూ, మీ తరువాతివాళ్ళకు చెప్పండి. మోకాలిలోతు అంటే మోకాలిలోతనే చెప్పండి, నడుములోతు చేయకండి. పడవను మోసిన ఆరుగురిని మాత్రం మరిచిపోవద్దు. అందరికన్నా ఎక్కువ తడిసింది పాపం వాళ్ళే.